రాతి మీద లేని మంట

ముప్పై ఒక్క ఏళ్ళు నేను రాళ్ళు చూపించి బతికాను. మాది మాచర్ల. మా నాన్న లారీ మెకానిక్కు. ఆ పని నా చేతికి అబ్బలేదు, నోరు మాత్రం బాగా ఆడేది. అందుకే గైడునయ్యాను. పోయిన ఏడాది మోకాళ్ళు ఇక చాలన్నాయి, మానేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న వాళ్ళు కొందరు ఇంటికొచ్చి, "మస్తాన్ గారూ, ఏం చదవాలి, ఏం చెప్పాలి?" అని అడుగుతున్నారు. ఏం చదవాలో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు, అంతా ఫోన్లోనే ఉంది. ఏం చెప్పకూడదో మాత్రం నేను చెప్పగలను. అది చెప్పి చూసినవాణ్ణి కాబట్టి.

ముందు నీడ

గైడు పనంటే ఇంగ్లీషు అనుకుంటారు. కాదు, కాళ్ళు. వేసవిలో మన పల్నాడు బండ మీద పది నిమిషాలు నిలబడితే చెప్పుల అడుగు మెత్తబడుతుంది. అక్కడ నిలబడి, ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల గురించి గంటసేపు మాట్లాడితే ఎవరి చెవికీ ఎక్కదు. వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళెవరు, వాళ్ళు ఎక్కడ కూర్చోవాలి, ఆడవాళ్ళకు బాత్రూం ఎక్కడ, నీళ్ళు సరిపోతాయా, ఇవి ముందు చూసుకోవాలి. చరిత్ర ఆ తర్వాత.

ఇది నాకు నేర్పింది సాంబశివరావు గారు. రెండు వ్యాన్లు పెట్టుకుని, కొండలూ కోటలూ పాత స్తూపాలూ చూపించే చిన్న ట్రావెల్స్ నడిపేవాడు. నాకున్న ఒకే ఒక బాసు ఆయన. పనిలో చేరిన మొదటి నెలలో నేను ఒక రిటైర్డు టీచర్ల గుంపును మిట్టమధ్యాహ్నం గుట్ట మీద నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమె తేరుకుని వ్యాన్‌లో కూర్చున్నాక సాంబశివరావు గారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఒరేయ్ మస్తానూ, వాళ్ళు నిన్ను చూట్టానికి వచ్చారా, రాయిని చూట్టానికి వచ్చారా?"

"రాయిని సార్."

"మరి అడ్డం తప్పుకో. ఇంకో మాట. రాయి ఎంత చెబితే అంతే చెప్పు. దానికి లేని నోరు నువ్వు పెట్టమాక."

మొదటి మాట వెంటనే ఒంటబట్టింది. రెండో మాట ఒంటబట్టటానికి ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. ఇక్కడ రాస్తున్నది దాని సంగతే.

రెక్కలు విప్పిన పక్షి

మాచర్ల నుంచి గంట ప్రయాణంలో ఒక ఊరుంది. దాని పేరు రాయను. అక్కడ కాపలా లేదు, రాతి బొమ్మలు ఎత్తుకుపోయే వాళ్ళు ఉన్నారు. ఎప్పుడో తవ్వకాల్లో బయటపడిన సున్నపురాతి పలకలు పదకొండు అక్కడ ఒక రేకుల షెడ్డులో ఉన్నాయి. వాటిలో మూలన ఆనించిన పలక మీద రెక్కలు విప్పిన పక్షి ఒకటుంది. దాని ముక్కు దగ్గర కొంత అరిగిపోయింది. కాళ్ళ కింద నుంచి రెక్కల దాకా మెలికలు మెలికలుగా ఏదో పైకి లేస్తున్నట్టు చెక్కి ఉంది.

మొదట్లో నేను, "ఇదొక పక్షి, ఏదో తెలియదు," అని చెప్పి ముందుకు నడిచేవాణ్ణి. ఒకరోజు ఒక విదేశీ పెద్దమనిషి ఆ పలక ముందు ఆగిపోయి, "ఫీనిక్స్?" అన్నాడు. ఆయన కళ్ళల్లో ఆశ చూసి కాదనలేకపోయాను. "అవును సార్, ఫీనిక్సే," అన్నాను. ఆయన సంతోషంతో నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ రోజంతా నేను గాల్లో తేలాను.

ఆ తర్వాత వచ్చిన గుంపుకు ఎవరూ అడగకుండానే నేనే చెప్పాను. ఆ మెలికలు మంటలన్నాను. ఐదొందల ఏళ్ళకోసారి ఈ పక్షి తన గూటికి తానే నిప్పు పెట్టుకుని కాలిపోతుందనీ, ఆ బూడిదలోంచి మళ్ళీ పుడుతుందనీ, గ్రీకుల కంటే ముందే మన పల్నాడు శిల్పికి ఈ పక్షి తెలుసనీ చెప్పాను. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. అబద్ధంలో సుఖం ఏంటంటే, ఎదుటివాళ్ళ ముఖం చూసుకుంటూ దాన్ని పెంచుకుంటూ పోవచ్చు. నిజం చెప్పేవాడికి ఆ సౌకర్యం లేదు. ఏడాది తిరిగేసరికి ఆ పక్షికి నేను పాట కూడా నేర్పాను.

సాంబశివరావు గారికి ఈ సంగతి తెలుసు. ఒకసారి షెడ్డు గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. అప్పటికే జనం ఆ పక్షిని చూపించమని అడిగి మరీ వస్తున్నారు. ఆయన మంచివాడే, నాకు అన్నం పెట్టినవాడే. అయినా ఉన్నమాట రాయాలి కదా. ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉండాల్సింది.

స్కార్ఫు తీసిన అమ్మాయి

ఐదేళ్ళ కిందట అంగన్‌వాడీ టీచర్లు ఇరవై మంది దాకా విహారయాత్రకు వచ్చారు. వాళ్ళలో ఒకామె తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. ముప్పై ఏళ్ళ లోపు అమ్మాయి, పేరు నాగమణి. ఎండ మండిపోతున్నా మెడ చుట్టూ, చెంపల మీదుగా స్కార్ఫు గట్టిగా చుట్టుకుని ఉంది. కుడిచేతి వేళ్ళు సరిగా ముడుచుకోవటం లేదు. ఇంట్లో గ్యాసు లీకై అంటుకుందట. వాళ్ళక్క నాతో మెల్లగా, "రెండేళ్ళ నించీ గడప దాటలేదన్నా, ఇయాళ బతిమాలి తీసుకొచ్చా," అంది.

ఆ సంగతి తెలిశాక కూడా నేను ఆ కథ ఆపలేదు. ఇంకా రక్తి కట్టించి చెప్పాను.

అందరూ బయటికెళ్ళాక నాగమణి ఒక్కతే పలక దగ్గర నిలబడిపోయింది.

"ఇది నిజంగా మనోళ్ళే చెక్కారా సార్?"

"మనోళ్ళేనమ్మా. రాయి కూడా మన పల్నాటిదే." అంతవరకూ నిజమే.

"అంతా అయిపోయాక మళ్ళీ లేచిందా ఇది?"

"లేచింది."

కాసేపు చూసింది. తర్వాత స్కార్ఫు ముడి విప్పి, తీసి, భుజాన వేసుకుంది. వాళ్ళక్కను పిలిచి, "ఏమే అక్కా, ఇక్కడ నాకో ఫోటో తియ్యి," అంది. వాళ్ళక్క ఫోను పట్టుకుని ఏడుస్తూనే తీసింది. ఆ ఫోటోలో పక్షి కంటే వాళ్ళక్క బొటనవేలే ఎక్కువ పడిందని నాగమణి తర్వాత నవ్వుతూ చెప్పింది.

ఏడాదిన్నర తర్వాత ఫోన్ చేసింది. బెల్లంకొండలో మగ్గం వర్కు కొట్టు పెడుతున్నాననీ, నేను తప్పకుండా రావాలనీ. వెళ్ళాను. జాకెట్ల మీద పూసలూ జరీతో కుట్టు పని చేసే కొట్టు. నలుగురు ఆడవాళ్ళు మగ్గాల దగ్గర కూర్చుని ఉన్నారు. ఆ వంగని వేళ్ళతోనే సూది పట్టటం నేర్చుకుంది నాగమణి. బోర్డు మీద మా పక్షి ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకూ నన్ను చూపించి, "ఈ బాబాయే నాకా రాయి చూపించింది," అని చెప్పింది. నాకు స్వీటు పెట్టారు. నేను తిన్నాను. అప్పటికి నాకు సిగ్గేమీ వేయలేదు, గర్వమే కలిగింది.

అద్దం పట్టుకున్న ప్రొఫెసరమ్మ

ఆ మరుసటి ఏడు పాత శిల్పాల మీద పని చేసే ప్రొఫెసరమ్మ ఒకావిడ వచ్చింది. షెడ్డులో ఉన్న పలకలన్నిటినీ పరిశీలించి, ఒక్కోదానికీ వివరం రాసి బోర్డులు పెట్టించటం ఆవిడ పని. నేను ఉత్సాహంగా ఫీనిక్సు దగ్గరికి తీసుకెళ్ళి కథ మొదలుపెట్టాను. ఆవిడ అడ్డం రాకుండా చివరిదాకా విన్నది. తర్వాత సంచీలోంచి చిన్న అద్దం తీసి నా చేతికిచ్చి, గుమ్మంలో నిలబడి ఎండను రాతి మీద పక్కవాటుగా పడేలా పట్టుకోమంది.

అడ్డంగా వెలుతురు పడితే అరిగిపోయిన గీత కూడా నీడతో పైకి తేలుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ రాయి చుట్టూ తిరిగిన నాకు ఇది తెలియదు. మెలికల చివర మొగ్గలు కనిపించాయి. ఒక మెలిక పక్షి ముక్కులోకి వెళ్ళింది.

"తామర తూళ్ళు," అందావిడ. "ఇది హంస. తూడు కొరుకుతోంది. ఈ రాళ్ళలో ఇలాంటివి చాలా ఉంటాయి. ఇంతకీ ఈ మంట ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను మేడమ్."

తిడుతుందనుకున్నాను. ఆవిడ నవ్వింది. "మీరొక్కరే కాదులెండి. అసలు ఫీనిక్సు కథలో కూడా మంట తర్వాత చేరిందే. మనకు తెలిసిన పాత గ్రీకు కథలో అది కాలదు. తండ్రి చనిపోతే పిల్లపక్షి సుగంధపు బంకతో గుడ్డులాంటి ఉండ చేసి, తండ్రిని అందులో ఉంచి, సూర్యుడి గుడికి మోసుకెళుతుంది. అంతే. నిప్పు తర్వాతి వాళ్ళు పెట్టారు."

నాకు భయం పట్టుకుంది. గ్రీకుల గురించి కాదు. రెండు మూడు నెలల్లో ఇక్కడ "తామర తూళ్ళు, హంస" అని బోర్డు పడుతుంది. నాగమణి తన కొట్టులో వాళ్ళను ఏటా ఇక్కడికి తీసుకొస్తోంది. ఆ బోర్డు చదువుతుంది. చదివాక ఆ అమ్మాయి మళ్ళీ స్కార్ఫు చుట్టుకుని ఇంట్లో కూర్చుంటే?

అడిగితే తెలిసినవి

వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. రెండు నెలలు చెప్పలేదు. పనుందని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. ఈ పనిలో నేను చేసిన తప్పుల్లో అబద్ధం మొదటిది, ఈ ఆలస్యం రెండోది. రెండోదే పెద్దదని నా అభిప్రాయం. మొదటిది తెలివితక్కువతనం, రెండోది పిరికితనం.

ఆ రెండు నెలల్లో ఒక్క మంచి పని మాత్రం చేశాను. వచ్చినవాళ్ళకు పక్షి కథ చెప్పటం మానేసి, "మీ దేశంలో ఇలాంటి పక్షి ఉందా?" అని అడగటం మొదలుపెట్టాను. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

చైనా నుంచి వచ్చిన ఒక బౌద్ధ సన్యాసిని, తమ పక్షి కాలదనీ, దేశంలో మంచి పాలన ఉన్నప్పుడు మాత్రమే కనిపిస్తుందనీ చెప్పింది. "అయితే చానా అరుదుగా కనిపిస్తదేమో," అని మా డ్రైవరు అంటే ఆమె పడీ పడీ నవ్వింది. ఒక ఇరాన్ విద్యార్థి తమ సీమోర్గ్ పక్షి గురించి చెప్పాడు. లోకం మూడుసార్లు నాశనం కావటం చూసినంత ముసలిదట అది. కొండ మీద వదిలేసిన పసిబిడ్డను తెచ్చి పెంచిందట. ఈజిప్టు డాక్టరు ఒకాయన, "మాది కొంగ," అన్నాడు. నైలు నదికి వరదొచ్చి నీళ్ళు తీసినప్పుడు మొట్టమొదట తేలిన మట్టిదిబ్బ మీద వచ్చి నిలబడుతుందట. లోకం మొదలైన రోజు కూడా అట్లాగే నిలబడి అరిచిందట. దాని అరుపుతో కాలం మొదలైందట.

మా అమ్మను అడిగితే ఉర్దూ కథల్లోని ఖఖ్నూస్ పక్షి సంగతి చెప్పింది. ముక్కు నిండా రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రానికి ఒక్కో రాగం. ఆయుష్షు తీరే రోజు పుల్లలు పోగేసుకుని పాడుతుంది, ఆ పాటకే నిప్పు పుట్టి కాలిపోతుంది. "చిన్నప్పుడు నీకు చెప్పాగదరా," అంది అమ్మ. నేను పక్షికి నేర్పిన పాట ఎక్కడిదో అప్పుడు తెలిసింది. సాంబశివరావు గారు అప్పటికి మంచంలో ఉన్నాడు. ఆయన్ని అడిగితే, "మన గరుత్మంతుడికి కాలే పనేందిరా? అమృతం చుట్టూ మంటలుంటే, నదుల నీళ్ళు నోట పట్టుకొచ్చి ఆర్పి మరీ తెచ్చాడు. వాళ్ళమ్మను దాస్యం నించి విడిపించాడు," అన్నాడు.

బెల్లంకొండ

బోర్డు పెట్టేశారని కబురొచ్చిన రోజు ఇక తప్పక బస్సెక్కాను. పిడుగురాళ్ళలో మారి బెల్లంకొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మే నెల. నాగమణి మజ్జిగ ఇచ్చింది. నేను తాగకుండానే చెప్పేశాను. అది హంస అనీ, మంట లేదనీ, ఫీనిక్సు మాట నేను కల్పించిందేననీ.

మగ్గాల దగ్గర చేతులు ఆగిపోయాయి. నాగమణి నన్నే చూస్తోంది.

"అబద్ధమా బాబాయ్?"

"అబద్ధమేనమ్మా."

"రెండేళ్ళ నించీ నేను అందరికీ అదే చెబుతన్నా. కాలిన పిల్లలు ఇద్దరొచ్చి కూర్చున్నారు నా దగ్గర, వాళ్ళకీ అదే చెప్పా. ఇప్పుడు నేను కూడా అబద్ధాలకోరునేగా?"

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఎంతసేపటికీ రాలేదు. మగ్గం దగ్గరున్న ఒక పెద్దావిడ, "మజ్జిగన్నా తాగన్నా," అంది. తాగాను. వెళ్ళిపోదామని లేచేసరికి నాగమణి బయటికొచ్చింది. కళ్ళు కడుక్కున్నట్టుంది.

"ఆ మెలికలు మంట కాదన్నావుగా. మరేంది?"

"తామర తూళ్ళు. చివర మొగ్గలున్నాయి."

"నిజంగానా? ఈసారి నిజమేనా?"

"నా కళ్ళతో చూశానమ్మా. అద్దం పట్టుకుంది నేనే."

ఆమె గోడకున్న చెక్క ఫ్రేము తీసుకొచ్చి నా ముందు పెట్టింది. నల్ల గుడ్డ మీద బంగారు జరీతో కుట్టిన పక్షి. దాని కింద గుడ్డ ఖాళీగా ఉంది.

"మూడుసార్లు మంట కుట్టబోయా. ఎర్రదారం ఎక్కించంగానే చెయ్యి ఆగిపోయేది. నీకెప్పుడూ చెప్పలా, బాధపడతావని. మంటలో పడి లేచింది, మంటలో పడి లేచింది అని అందరూ గొప్పగా అంటారు. మంటలో గొప్పేంది బాబాయ్? అది చానా నొప్పి. అంతే. దాంట్లోంచి నాకేం రాలా. తర్వాత రోజులన్నీ కూర్చుని నేర్చుకుందే నాది."

ఆ మాట విన్నప్పుడు తల ఎత్తలేకపోయాను. ఇన్నేళ్ళు ఎంతమంది ముందు ఆ మంటను ముద్దుగా వర్ణించానో గుర్తొచ్చింది. వినేవాళ్ళలో ఎవరి ఒంటి మీద ఏముందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"తామరైతే కుట్టొచ్చు," అంది నాగమణి. "పచ్చదారం, గులాబీ దారం. ఆ పిల్లలిద్దరికీ నేనే చెబుతా, పొరపాటు చెప్పానని. నువ్వూ ఉండి చెప్పు."

ఇద్దరం చెప్పాం. వాళ్ళలో ఒకమ్మాయి, "హంస కూడా బాగానే ఉంటదిలే అక్కా," అని మళ్ళీ సూది పట్టుకుంది. నేను అన్ని రోజులు భయపడిన సంగతి అంతటితో అయిపోయింది.

నాగమణికి మాత్రం అంతటితో అయిపోలేదు. "మరి నిజంగా కథల్లో ఉన్న పక్షులేంది? అవి చెప్పు," అంది. నోటుబుక్కు తీసి చదివాను. ఎవరు చెప్పారో, ఏ దేశమో చెప్పి మరీ చదివాను. చైనా పక్షి విని తలూపింది. ఖఖ్నూస్ దగ్గర ముఖం పక్కకు తిప్పుకుంది. గరుత్మంతుడు మంట ఆర్పాడంటే, "అద్దీ!" అంది. ఈజిప్టు కొంగ దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"నీళ్ళు తీసినాక వస్తదా?"

"వచ్చి దిబ్బ మీద నిలబడతదంట."

"కాలదా?"

"కాలదు. ఊరికే నిలబడతది."

"లే బాబాయ్. పద."

స్కూటీ మీద ఎక్కించుకుంది. ఎక్కడికో చెప్పలేదు. కంకర రోడ్డు, తర్వాత మట్టి బాట. ఎండ వాలుతుండగా కృష్ణ వెనకనీళ్ళ ఒడ్డుకు చేరాం. ఆమె పుట్టిన ఊరు ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయిందట. అప్పటికి ఆమె చదువుకునే పిల్ల. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఎండలు ముదిరి నీళ్ళు దిగితే గోడలు పైకొస్తాయి.

ఆ రోజు వచ్చి ఉన్నాయి. బురద రంగు మొండిగోడలు వరసగా, మధ్యలో వీధుల జాడ. దాదాపు ప్రతి గోడ మీదా ఒక కొంగ. బూడిద రంగువి, పొడుగు మెడవి, మనం నారాయణ పక్షులంటామే, అవి. కదలకుండా నిలబడి ఉన్నాయి. ఈజిప్టు డాక్టరు చెప్పినప్పుడు నేను ఊహించుకున్నది ఒక్క కొంగనే. ఇక్కడ ఊరుకు ఊరే ఉంది.

"అదిగో, ఆ ఒంటికాలి మీద ఉందే, అది మా ఇల్లు," అంది నాగమణి. "దాని పక్కది మా మేనత్త వాళ్ళది. ఆ రెండూ ఉన్నయే, అది బడి. నేను రెండో తరగతిలో ఆ గోడ దూకే పళ్ళు ఊడగొట్టుకున్నా."

ఒక్కో గోడా చూపిస్తూ చెప్పుకుంటూ పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను జనాన్ని తిప్పాను. ఆ సాయంత్రం ఒక మనిషి నన్ను తిప్పింది, నేను విన్నాను. ఎండ నా ముఖాన పడుతోందని తన భుజాన ఉన్న స్కార్ఫు తీసి నా నెత్తిన కప్పింది.

అంతా విన్నాక అడిగాను. "ఎన్నేళ్ళ నించి వస్తున్నాయమ్మా ఈ కొంగలు? మీ ఊరు మునగక ముందు కూడా వచ్చేయా?"

నాగమణి గోడల వైపు చూసింది. ఏదైనా అందమైన మాట చెబుతుందని చూస్తున్నాను.

"తెలవదు బాబాయ్," అంది. "అప్పుడు మేం చూడలా."